సీడీయూ అంటే పాస్టర్ల పార్టీ అనుకుంటున్నారా? జర్మనీ రాజకీయం ఎలా చూడాలంటే

జర్మనీకి ఎమ్మెస్‌కో ఉద్యోగానికో వచ్చిన మన వాళ్ళు న్యూస్ చూడ్డం మొదలెట్టగానే అడిగే ప్రశ్న, "సీడీయూ, అంటే క్రిస్టియన్ డెమోక్రటిక్ యూనియన్ ఏంటి, చర్చి వాళ్ళ పార్టీనా?" అని. నేనూ అలాగే అనుకుని కొన్నాళ్ళు వాళ్ళ స్పీచుల్లో బైబిల్ వాక్యం ఎప్పుడొస్తుందా అని చూశా, రాలేదు. అలా వెతికితే ఏమీ దొరకదు, వేరే చోట చూడాలి.

ముందు పేరు సంగతి తేల్చుకోండి. హిట్లర్ రాకముందు కాథలిక్కులకి సెంట్రుమ్ అని సొంత పార్టీ ఉండేది, ప్రొటెస్టెంట్లు ఎక్కువగా వేరే పార్టీలకి వేసేవాళ్ళు, ఇద్దరికీ పడేది కాదు. 1945లో ఊళ్ళన్నీ శిథిలాలైపోయాక రెండు వైపుల వాళ్ళూ ఒక గొడుగు కిందకి చేరారు, అందుకే పేరులో పార్టీ అని ఉండదు, యూనియన్ అని ఉంటుంది. కొట్టుకునే ఇద్దరిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి పనికొచ్చిన మాట అది. ఇప్పుడైతే ముస్లిం మెంబర్లు కూడా ఉన్నారు, బాప్తిస్మం సర్టిఫికెట్ ఎవరూ అడగరు.

ఇక అసలు తాళంచెవి సబ్సిడియారిటీ అనే మాట. నోరు తిరగదు కానీ విషయం సింపుల్: ఇంట్లో తేలే పనిలో ఊరు వేలు పెట్టకూడదు, ఊళ్ళో తేలేదాంట్లో పై సర్కారు తలదూర్చకూడదు, కానీ కింది వాళ్ళ వల్ల కాకపోతే మాత్రం పై వాళ్ళు చెయ్యందించి తీరాలి. 1931లో పోప్ 11వ పయస్ రాసిన లేఖలో దీన్ని గట్టిగా చెప్పారు. చాలామంది మొదటి సగం చదివి "ఓహో, ప్రభుత్వం వద్దనే బ్యాచ్" అనుకుంటారు, రెండో సగం మర్చిపోతారు, అక్కడే దెబ్బతింటారు.

ఇది ఎలా పని చేస్తుందో చూడాలంటే మీ పిల్లల కిటాకి, అంటే ఇక్కడి డే కేర్‌కి, వెళ్ళి బోర్డు చూడండి. కరితాస్ (కాథలిక్కులది) అనో డియాకోని (ప్రొటెస్టెంట్లది) అనో ఉందంటే నడిపేది చర్చి సంస్థ, డబ్బు మాత్రం చాలా వరకు ప్రభుత్వానిది. 1961లో సీడీయూ నేత అడెనావర్ ఛాన్సలర్‌గా, అంటే మన ప్రధాని లాంటి పదవిలో, ఉన్న టైంలో చట్టం చేశారు, ఇలాంటి సంస్థలు సరిపడా ఉన్నచోట సర్కారు తనే ఇంకోటి పెట్టకూడదని, దాని మీద కొన్ని రాష్ట్రాలు, సిటీలు కోర్టుకెళ్తే 1967లో రాజ్యాంగ కోర్టు చట్టం వైపే నిలబడింది. నాకైతే ఇది కొంచెం తేడాగానే ఉంటుంది, ఊళ్ళో ఉన్న ఒక్క కిటా చర్చిదే అయితే వేరే మతం వాళ్ళకి ఛాయిస్ ఎక్కడ?

తర్వాత చేయాల్సింది, ఏ నిర్ణయం వచ్చినా పార్టీలో ఏ గుంపు గెలిచిందో చూడటం. లోపల కార్మికుల విభాగం ఒకటి, చిన్న మధ్యతరహా బిజినెస్ వాళ్ళ విభాగం ఒకటి ఉంటాయి, ఎప్పుడూ లాగుడే. 1957 పెన్షన్ గొడవ తీసుకోండి, జీతాలు పెరిగితే పెన్షన్లు కూడా వాటితో పాటే పెరగాలని అడెనావర్ పట్టుబట్టాడు, సొంత ఎకానమీ మంత్రి ఎర్హార్డ్‌కే అది నచ్చలేదు, అయినా చేసేశాడు, ఆ ఏడాది ఎలక్షన్‌లో 50.2 శాతం ఓట్లు వచ్చాయి. మళ్ళీ ఎప్పుడూ అంత రాలేదు. మార్కెట్ ఉండాలి, దెబ్బ తిన్నవాణ్ణి మాత్రం రోడ్డు మీద వదలకూడదు, ఈ రెండిటి మధ్య కొలత దగ్గరే ఇప్పటికీ తగువు.

ఒక జాగ్రత్త. కనిపించిన ప్రతి చర్చి రూలూ సీడీయూ ఖాతాలో వేయకండి. ఆదివారం షాపులు మూసేయడానికి ఆధారమైన ఆదివారం సెలవు, చర్చి ట్యాక్స్, రెండూ హిట్లర్‌కి ముందున్న 1919 వైమార్ రాజ్యాంగంలోనే ఉన్నాయి, 1949లో కొత్త రాజ్యాంగంలోకి అలాగే తెచ్చుకున్నారు, ఎవరు గెలిచినా ఉంటాయి. అన్నట్టు గుంటూరు వైపు లూథరన్ కుటుంబాల వాళ్ళు వింటున్నారా, ఇక్కడ అడ్రస్ రిజిస్టర్ చేసేటప్పుడు మతం కాలమ్‌లో ప్రొటెస్టెంట్ అని రాస్తే ఆ ట్యాక్స్ కట్ అవుతుంది, ఇన్‌కమ్ ట్యాక్స్ మీద 8 లేదా 9 శాతం, జీతం మీద కాదు. కాథలిక్ అని రాసినా అంతే. రాయాలా వద్దా మీ ఇష్టం, తెలిసి రాయండి.

ఇక ఇండియన్ పాస్‌పోర్ట్ వదులుకుని ఓటు తెచ్చుకున్న వాళ్ళకి. బవేరియాలో ఉంటే బ్యాలెట్ మీద సీడీయూ కనపడదు, అక్కడ దాని తోడు పార్టీ సీఎస్‌యూ, మిగతా చోట్ల సీఎస్‌యూ ఉండదు, పార్లమెంట్‌లో మాత్రం ఇద్దరూ ఒకటే. రెండు ఓట్లుంటాయి, మొదటిది మీ నియోజకవర్గం అభ్యర్థికి, రెండోది పార్టీకి, సీట్ల లెక్క తేల్చేది రెండోదే. 2025లో, రెండో ఓట్ల లెక్కకి మించి పార్టీకి సీట్లివ్వని కొత్త రూల్ వల్ల సొంత నియోజకవర్గంలో ఫస్ట్ వచ్చిన 23 మందికి సీటే రాలేదు, మొదటి ఓటు మీదే ఆశ పెట్టుకోకండి. ఎలక్షన్ ముందు వాల్-ఓ-మాట్ అనే ప్రభుత్వ టూల్ ఆన్‌లైన్‌లో పెడతారు, 38 విషయాల మీద మీ అభిప్రాయం నొక్కాలి. వచ్చిన శాతం చూసి మూసేయకుండా, సీడీయూ ఒక్కోదానికి రాసిన కారణం తెరిచి కుటుంబం, ఊరు, సంఘం అనే మాటలు ఎక్కడ తగులుతున్నాయో వెతకండి.