సెగెద్‌కి కొత్తగా వచ్చారా? ముందు 1879 వరద సంగతి తెలుసుకోండి

హంగరీ దక్షిణాన, సెర్బియా సరిహద్దుకు ఆనుకుని ఉన్న సెగెద్‌కి చదువుకో, పరిశోధనకో వచ్చే తెలుగువాళ్లు ముందు ఫోన్లో మ్యాప్ తెరుస్తారు. చక్రంలా గుండ్రటి రోడ్లు, మధ్య నుంచి ఆకుల్లా చీలిన వెడల్పాటి దారులు కనబడతాయి. పాత ఊళ్లు సాధారణంగా ఇంత పద్ధతిగా ఉండవు. ఈ ఊరిని వరద తుడిచిపెట్టాక కాగితం మీద గీసి కట్టారు. ఆ సంగతి తెలిస్తే చిరునామాలు, ఇళ్లు సగం అర్థమైనట్టే.

1879 మార్చి 5న ఊరికి ఎగువన పెత్రెష్ దగ్గర తిసా నది కరకట్టకు గండి పడింది. నీళ్లు నది వైపు నుంచి కాకుండా పొలాల మీదుగా ఊరి వెనక నుంచి వచ్చాయి. రైలు కట్ట కొన్నాళ్లు ఆపింది. 12 తెల్లవారుజామున అదీ తెగింది. అప్పటి ఇళ్లు ఎక్కువ భాగం మట్టి ఇటుకలవి. నానిన మట్టిగోడ ఎలా కూలుతుందో మనకు చెప్పక్కర్లేదు. 5,723 ఇళ్లలో మిగిలినవి 265. చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ వచ్చి చూసి, సెగెద్ మునుపటి కంటే అందంగా లేస్తుందని మాటిచ్చాడు. పునర్నిర్మాణానికి రాజ ప్రతినిధిగా తిసా లయోష్‌ను పెట్టారు, ప్రణాళిక లెహ్నెర్ లయోష్ గీశాడు. ఊరి చుట్టూ కొత్త కట్ట వేసి, నడిబొడ్డు వీధులను మట్టిపోసి ఎత్తు పెంచారు.

చిరునామాల్లో తికమక ఇక్కడే మొదలవుతుంది. లోపలి వలయం రోడ్డు 'తిసా లయోష్ కొరూత్'. అది నది పేరు కాదు, ఆ మనిషి ఇంటిపేరు తిసా. బయటి వలయం ఒకే రోడ్డు, పేర్లు మాత్రం ఏడు: వియన్నా, మాస్కో, లండన్, పారిస్, బెర్లిన్, బ్రస్సెల్స్, రోమ్. వరద సాయం పంపిన నగరాలకు కృతజ్ఞతగా పెట్టినవి. అద్దె ప్రకటనలో 'లొందొని కొరూత్' కనబడితే కంగారు పడకండి. 'కొరూత్' అంటే వలయం రోడ్డు, 'షుగారూత్' మధ్య నుంచి బయటికి పోయే దారి, 'ఉత్సా' వీధి, 'తేర్' కూడలి. చదవడానికి ఒక్క చిట్కా: ఎస్ ఒంటరిగా ఉంటే 'ష', దాని తర్వాత జెడ్ ఉంటే 'స'. ఇది పట్టుబడితే బస్సు బోర్డులు చదివేయొచ్చు.

హంగరీవాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. అయితే తెలుగువాళ్లకు అసలు చిక్కు వేరే గడిలో వస్తుంది. దాదాపు ప్రతి ఫారమూ అమ్మ పేరు అడుగుతుంది, అదీ పుట్టింటి పేరుతో. మన పత్రాల్లో ఒకచోట పెళ్లయ్యాక వచ్చిన ఇంటిపేరు, ఇంకోచోట ఉత్త పేరు ఉంటాయి. ఏది రాయాలో బయల్దేరే ముందే తేల్చుకుని, బ్యాంకు, విశ్వవిద్యాలయం, నివాస అనుమతి అన్నిటిలో ఒకే స్పెల్లింగ్ వాడండి. రెండు చోట్ల రెండు రకాలుగా పడితే దరఖాస్తు వెనక్కి రావడానికి అదే చాలు.

ఇల్లు వెతికేటప్పుడు కట్టిన కాలం చూడండి. లోపలి వలయం దగ్గరివి చాలావరకు వరద తర్వాతి కట్టడాలు. పైకప్పు ఎత్తు, గోడలు మందం, వేసవిలో హాయి. చలికాలంలో ఆ ఎత్తంతా వేడెక్కించాలి. గోడకు బిగించిన గ్యాస్ హీటర్ ఉంటే పాత బిల్లులు చూపించమనండి. కొన్నింటిలో కింది అంతస్తుకూ మొదటి అంతస్తుకూ మధ్య 'ఫేలెమెలెత్' అని ఒక సగం అంతస్తు ఉంటుంది. 'రెండో అంతస్తు' అన్నది ఎక్కితే మూడో దానిలా తేలుతుంది, లిఫ్టు ఉండకపోవచ్చు. ఉత్తరాన తర్యాన్ సోషలిస్టు కాలపు కాంక్రీటు పలకల ఇళ్ల పేట. చూడ్డానికి మొహం మొత్తినా, ఊరి ఉమ్మడి ప్లాంటు నుంచి వేడి నీళ్ల గొట్టాలు వస్తాయి కాబట్టి చలికాలం తేలిక. ఆ వేడిలో కొంత ఇప్పుడు భూగర్భ ఉష్ణజలాల నుంచి వస్తోంది. దక్షిణాన ఉన్న అల్షోవారోష్ పేటలో చవగ్గా దొరికే పాత మట్టి ఇటుకల ఇళ్లలో గోడ అడుగున చెమ్మ ఉందేమో చేత్తో తాకి చూడండి.

డిపాజిట్ మామూలుగా రెండు నెలల అద్దె. 'రెజి' అంటే కరెంటు, గ్యాస్, నీళ్లు. అది అద్దెలో కలిసిందో లేదో ఒప్పందంలో రాయించుకోండి. ఆ చిరునామాను మీ నివాసంగా నమోదు చేయడానికి యజమాని సంతకం పెడతారా అన్నది డబ్బు ఇవ్వకముందే అడగండి. పెట్టనంటే ఆ ఇల్లు వదిలేయడమే మేలు.

విశ్వవిద్యాలయానికి ఒకే ప్రాంగణం లేదు, దానికీ చరిత్రే కారణం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920లో కుదిరిన త్రియానోన్ ఒప్పందంలో కొలొజ్‌వార్ నగరం (ఇప్పటి క్లూజ్) రొమేనియాకు పోయింది. అక్కడి విశ్వవిద్యాలయం 1921లో ఇక్కడికి తరలివచ్చి, ఉన్న భవనాల్లో సర్దుకుంది. తర్వాత కట్టినవి దోమ్ తేర్ చుట్టూ, నది ఒడ్డున ఉన్నాయి. శాస్త్రవేత్త సెంట్-ద్యోర్ద్యీ ఆల్బెర్త్‌కు 1937 నోబెల్ ఇక్కడ పనిచేస్తుండగానే వచ్చింది. తరగతి ఏ భవనంలోనో ముందురోజే చూసుకోండి. గ్రంథాలయం 'అదీ తేర్' (Ady tér) అనే కూడలిలో ఉంది.

పెద్ద రైల్వే స్టేషన్‌లో ప్లాట్‌ఫారాలు పై అంతస్తులో ఉంటాయి. ఒకప్పుడు రైళ్లు ఇక్కడి నుంచి తిసా వంతెన ఎక్కేవి. వంతెన 1944లో పోయింది, మళ్లీ కట్టలేదు. అందుకే రైలు దారి నది దగ్గరే ఆగిపోతుంది. స్టేషన్ ముందు 1, 2 ట్రాములు దొరుకుతాయి. సెగెద్-రోకుష్ వేరే స్టేషన్, టికెట్ మీద పేరు చూసుకుని దిగండి. దూరప్రాంత బస్సులు మార్స్ తేర్ నుంచి.

నది 2006లో 1,009 సెంటీమీటర్లకు లేచింది, 1879లో కొలత 806 మాత్రమే. కట్టలు ఆపాయి. కానీ కట్టకు నది వైపున్న దిగువ రేవు రోడ్డు నీరు పెరిగినప్పుడల్లా మునుగుతుంది. అక్కడ కారో సైకిలో వదిలి ఊరెళ్లకండి.

మార్స్ తేర్ సంతలో పాప్రికా (హంగరీ మిరప పొడి) కొనేటప్పుడు 'ఏదేష్' అంటే కారం లేనిది, 'చీపోష్' అంటే కారంది. రంగు చూసి మన కారం అనుకుని మోసపోవద్దు. నూనె మరిగాక గిన్నె దించి, పొయ్యి మీద లేనప్పుడే పాప్రికా వేసి, వెంటనే నీళ్లు పోయాలి. అందులో చక్కెర ఉండటంతో మంట మీద వేస్తే క్షణాల్లో మాడి చేదెక్కుతుంది.