కొత్త చెక్క తలుపుకు రంగు వేసే ముందు ఏం చేయాలి?

వానాకాలం వచ్చిందంటే బాత్రూం తలుపు బిగుసుకుపోతుంది. భుజం పెట్టి నెడితే గానీ తెరుచుకోదు. కొన్నేళ్లకు అడుగున మెత్తబడి, గోటితో గిల్లినా పొడి రాలుతుంది. ముందు వైపు రంగు చూస్తే మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. చాలా ఇళ్లలో ఇలా కావడానికి కారణం, తలుపు కింది అంచుకు ఎవరూ బ్రష్ పెట్టకపోవడమే. బిగించాక అక్కడికి చెయ్యి దూరదు. అందుకే ఈ పనంతా తలుపు బిగించకముందే చేసుకోవాలి.

వడ్రంగి దగ్గరి నుంచి ఇప్పుడే వచ్చిన వేప చెక్క తలుపుకు ఎనామిల్ రంగు వేయాలనుకుందాం. (టేకు తలుపైతే పాలిష్ చేయించుకుంటారు, అది వేరే పని.)

1. ఆరనివ్వండి

తడి ఉన్న చెక్క మీద ప్రైమర్ (రంగు కంటే ముందు వేసే పూత) నిలవదు, పొక్కులు లేస్తుంది. వానలో తడిసిన తలుపును నీడలో, రెండు వైపులా గాలి తగిలేలా కొన్ని రోజులు ఉంచండి. తొందరపడి ఎండలో పెడితే వంకర తిరుగుతుంది.

2. సాండ్ పేపర్ పట్టండి

తలుపును రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టండి. పైకి లేచిన మేకు తలలుంటే లోపలికి దించండి. చిత్రిక గీతలు బాగా ఉంటే 80 నంబర్ పేపర్‌తో మొదలుపెట్టండి, లేకపోతే 120 చాలు. ఆ తర్వాత 180. పేపర్‌ను చిన్న చెక్క ముక్కకు చుట్టి, చెక్క గీతలు ఎటు పోతే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు ఎనామిల్ కింద నుంచి కూడా కనిపిస్తాయి. ఇంకా నునుపు కావాలని 320 దాకా పోవద్దు, ప్రైమర్‌కు పట్టు దొరకదు. పదునుగా ఉన్న అంచులను కాస్త గుండ్రం చేయండి. పదునైన అంచు మీద రంగు పలచబడి అక్కడే ముందు ఊడుతుంది.

ముక్కుకు మాస్క్ కట్టుకోండి. పని అయ్యాక పొడిని బ్రష్‌తో దులిపి, టర్పెంటాయిల్ కొద్దిగా అద్దిన గుడ్డతో తుడవండి. ఆ గుడ్డను ఉండచుట్టి మూల పడేయకుండా, నిప్పుకు దూరంగా ఆరుబయట పరిచి ఆరనివ్వండి.

జిగురు కారే ముడులు ఉంటే, పాలిష్ వాళ్లు వాడే స్పిరిట్‌లో కరిగించిన లక్కను వాటి మీద రెండుసార్లు పలచగా పూయండి. లేదంటే ఆ మరక పైదాకా వస్తుంది.

3. ముందు ప్రైమర్, తర్వాతే లప్పం

చాలామంది ఇక్కడే తిరగేసి చేస్తారు. ఏ పూతా లేని చెక్క మీద నేరుగా లప్పం (గుంటలు పూడ్చే పుట్టీ) పెడితే, అందులోని నూనెను చెక్క పీల్చేస్తుంది. లప్పం ఎండి పెళుసై, పెళ్లలుగా రాలుతుంది. కాబట్టి మొదటి కోటు ప్రైమరే.

షాపులో వుడ్ ప్రైమర్ అని అడగండి. ఇంట్లో మిగిలిన రెడ్ ఆక్సైడ్ వాడేద్దామని ఆశపడొద్దు, అది ఇనుప గ్రిల్స్‌కు. ఎంత టర్పెంటాయిల్ కలపాలో డబ్బా మీద రాసి ఉంటుంది.

బ్రష్‌తో మొదట పై అంచు, కింది అంచు పూయండి. అక్కడ చెక్క అడ్డంగా తెగి ఉంటుంది కాబట్టి నీళ్లు పీల్చినట్టే ప్రైమర్‌నూ పీల్చేస్తుంది. పీల్చాక మళ్లీ పూయండి. బందులు కూర్చునే గాడి, గడియ రంధ్రం కూడా వదలొద్దు. ఆ తర్వాతే వెడల్పు భాగాలు. రాత్రంతా ఆరనివ్వండి.

4. లప్పం, రెండో కోటు

మేకు గుంటలు, సందులు చెక్క లప్పంతో నింపండి. గోడలకు వాడే లప్పం వద్దు, చెక్క ఉబ్బి తగ్గినప్పుడు అది పగులుతుంది. ఆరాక 220 పేపర్‌తో రుద్ది, దుమ్ము తుడిచి, రెండో కోటు ప్రైమర్ వేయండి. అది బాగా ఆరితే ఎనామిల్‌కు తలుపు సిద్ధం.

మిగిలిన ప్రైమర్ డబ్బాను పారేయకండి. బిగించే రోజు ‘కింద రాసుకుంటోంది’ అంటూ వడ్రంగి అంచుకు చిత్రిక పడతాడు. మీరు అంత జాగ్రత్తగా పూసింది ఆ పొరలతో పాటే పోతుంది. తలుపు మళ్లీ ఎక్కించకముందే ఆ అంచుకు ఇంకోసారి పూసేయండి.