నాటకానికి ఊపిరి లెక్క, సినిమాకు ఫ్రేము లెక్క

స్టేజీ నాటకాలకు బాణీలు కట్టినవాళ్లు మొదటిసారి షార్ట్ ఫిలింకు సంగీతం చేసేటప్పుడు తడబడేది రాగం దగ్గర కాదు, కాలం దగ్గర. నాటకంలో కాలం నటుడి చేతిలో ఉంటుంది. కర్నూలులో ఇరవై సెకన్లలో దించిన పద్యాన్ని మర్నాడు ఆదోనిలో చప్పట్లు పడితే నలభై సెకన్లు పాడతాడు. సినిమాలో ఎడిటింగ్ అయిపోయాక కాలం ఇక కదలదు. అక్కడ వంగాల్సింది సంగీతమే. రెండింటికీ పని ఎలా చేయాలో వరసగా చూద్దాం.

స్క్రిప్టు చేతికి రాగానే హార్మోనియం ముందు కూర్చోవద్దు. మూడుసార్లు చదవండి: ఒకసారి కథ కోసం, ఒకసారి పెన్సిలుతో మాటలు లేని చోట్లు గుర్తు పెట్టుకుంటూ, ఒకసారి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి పైకి చదువుతూ. తర్వాత ఒక కాగితం మీద గళ్లు గీయండి. సీను నంబరు, ఏ మాట తర్వాత మొదలు, ఏ మాట దగ్గర ఆపాలి, ఎంతసేపు, ఎందుకు. ఆ ‘ఎందుకు’ గడిలో రాయడానికి ఏమీ తోచకపోతే ఆ ముక్క కొట్టేయండి. గంటన్నర సాంఘిక నాటకంలో సంగీతం పాతిక నిమిషాలు దాటిందంటే ఎక్కడో అనవసరంగా వాయిస్తున్నట్టే.

స్టేజీ మీద

నాటక రచయిత ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకానికి పద్యమూ పాటా అలవాటు చేశారు. ఆయన మేనల్లుడు, తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ రాగం తగ్గించి మాటకు పట్టం కట్టారు. సీమలో నాటకానికి పనిచేసేవాళ్లు మేనమామ మాటా వినాలి, మేనల్లుడి మాటా వినాలి.

పద్యానికి తాళం కట్టొద్దు. హార్మోనియం నటుడి వెనకాలే నడవాలి, ముందుకు పోకూడదు. ఉత్పలమాలలో యతి పదో అక్షరం మీద, చంపకమాలలో పదకొండో అక్షరం మీద పడుతుంది. అంతమాత్రాన అక్కడ ఆగి తీరాలని లేదు. అర్థం తెగిన చోటే ఆగాలి. పాదానికీ పాదానికీ మధ్య హార్మోనియం ముక్క రెండు సెకన్లు చాలు. ఆలాపన నాలుగో పాదం చివరికి ఉంచుకోండి. సీసపద్యమైతే నాలుగు పెద్ద పాదాలనూ దాదాపు ఒకే మట్టులో నడిపించి, రాగం విప్పడం కింద వచ్చే తేటగీతి కోసమో ఆటవెలది కోసమో దాచుకోవాలి. మొదటి పాదంలోనే తారషడ్జమం (పై ‘స’) అందుకుంటే గీతి దగ్గరికి వచ్చేసరికి పైకి పోవడానికి చోటూ ఉండదు, గొంతులో సత్తువా ఉండదు.

శ్రుతి తేల్చుకోవడం రిహార్సల్స్ మొదటి రోజు పని. నటుడి గొంతు ఒకటిన్నర శ్రుతి (హార్మోనియం మెట్ల లెక్కలో), నటిది ఐదున్నర అయితే యుగళగీతం ఎవరో ఒకరి గొంతు పిండేస్తుంది. మధ్యలో మూడు శ్రుతి పెడితే ఇద్దరికీ ఇబ్బందే. ఆయన చరణం ఒకటిన్నరలో కట్టి, ఆమె చరణాన్ని దాని మధ్యమ శ్రుతికి, అంటే నాలుగున్నరకు మార్చండి. ఆయన మధ్యమం ఆమెకు షడ్జమం అవుతుంది. ఒక్క నాలుగు అక్షరాల (తాళం లెక్కలో నాలుగు దెబ్బల) హార్మోనియం ముక్కతో వినేవాళ్లకు తెలియకుండా దాటిపోవచ్చు.

నటుడు నడిచొచ్చే చోట, లైట్లు మారే చోట ముక్క నిడివిని ముందే బిగించొద్దు. ఆదితాళంలో రెండు ఆవర్తనాలు (తాళం రెండు చుట్లు), అంటే 16 అక్షరాలు, ఎన్నిసార్లయినా తిప్పుకునేలా కట్టండి. ప్రతి ఎనిమిది అక్షరాలకు బయటపడే దారి ఉండాలి. ముగింపుకు నాలుగు అక్షరాల తీర్మానం వేరే పెట్టుకోండి. రికార్డు చేసిన ట్రాక్ వాడితే మొదలు, తిప్పేది, ముగింపు అని మూడు ఫైళ్లు చేయండి. ఒకే పొడుగు ఫైలు పెట్టుకుని ఫేడర్ దించితే స్వరం సగంలో తెగినట్టు చివరి వరసలో కూర్చున్నవాళ్లకు కూడా తెలిసిపోతుంది.

మైదానంలో ఆడే నాటకానికి ఇంకో చిక్కు ఉంది. గొట్టం మైకులు కింది స్వరాలను పలకవు. తబలాలో కింది స్వరం పలికే డగ్గా మాయమై, దాయా ఒక్కటే టకటకమంటుంది. అందుకని లయను కంజిరకో తాళాలకో అప్పగించి, బాణీని మధ్యస్థాయిలో ఉంచండి. ఎండాకాలంలో వేణువు శ్రుతి పైకి పోతుంది, అర్ధరాత్రి చల్లబడ్డాక దిగుతుంది. హార్మోనియం అంతగా మారదు కాబట్టి వేణువు ఆయనకు నాటకం మధ్యలో ఒకసారి శ్రుతి చూసుకునే సమయం ఇవ్వాలి. తప్పెట చర్మం మంచుకు సడలిపోతుంది. పక్కన చిన్న మంట ఉండాల్సిందే.

తెర మీద

ఎడిటింగ్ ఖాయం కాకముందు ఒక్క స్వరం కూడా రాయొద్దు. దర్శకుడితో కూర్చుని సినిమా చూస్తూ ప్రతి ముక్కకూ మొదలు, ముగింపు టైమ్‌కోడ్ (నిమిషం, సెకను, ఫ్రేము లెక్క) రాసుకోండి.

ఒక సీను తీసుకుందాం. అనంతపురం దగ్గర శనక్కాయ చేను, 38 సెకన్లు, సెకనుకు 24 ఫ్రేములు. 14వ సెకనులో రైతు బోరు స్టార్టర్ బటన్ నొక్కుతాడు. 31 సెకన్ల 12 ఫ్రేముల దగ్గర పైపులోంచి నీళ్లకు బదులు బుస్సుమని గాలి వస్తుంది. బటన్ నొక్కడం సమం మీద, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ మీద పడాలి. 14 సెకన్లలో రెండు ఆవర్తనాలు, అంటే 16 అక్షరాలు పట్టాలంటే 16ను 60తో గుణించి 14తో భాగించాలి. నిమిషానికి 68.57 బీట్లు వస్తుంది. అదే వేగంలో 31.5 సెకన్లకు సరిగ్గా 36 అక్షరాలు అవుతాయి. నాలుగు ఆవర్తనాలు, ఆపైన లఘువు (ఆదితాళంలో మొదటి నాలుగు అక్షరాలు) పూర్తయి ద్రుతం (తర్వాతి రెండు) మొదలయ్యే చోటు. నీళ్లు రాని క్షణం సమం మీద పడకుండా ఆవర్తనం నడుమ పడటమే ఇక్కడ బాగుంటుంది. ఎదురుచూసింది రాలేదని లయే చెబుతుంది. లెక్క ఇంత చక్కగా కుదరకపోతే వేగాన్ని సాగదీయకండి. మధ్యలో ఐదు అక్షరాల ఖండచాపు ఆవర్తనం ఒకటి వేసి సర్దుకోండి. ఇంకో సంగతి, దెబ్బ రెండు ఫ్రేములు ఆలస్యమైనా సహజంగానే ఉంటుంది. రెండు ఫ్రేములు ముందు పడితే మాత్రం జరగబోయేది ముందే చెప్పేసినట్టు ఉంటుంది.

అదే రైతుకు ఒక చిన్న స్వరగుచ్ఛం కట్టుకోండి. విత్తనం వేసే సీనులో మోహన రాగంలో ‘స రి గ ప, గ రి స’. పైపు ఎండిన చోట అవే స్వరాలు, అంతర గాంధారం (పై ‘గ’) తీసేసి సాధారణ గాంధారం (దానికి ఒక మెట్టు కింది ‘గ’). ఒక్క స్వరం మారితే మోహన శివరంజని అవుతుంది. వాన అనగానే అమృతవర్షిణి రాగం, ఏడుపు అనగానే నలభై వయొలిన్లు వాడటం కన్నా ఈ ఒక్క గాంధారం ఎక్కువ పనిచేస్తుంది.

కరెంటు మోటారు గూయ్‌మనే శబ్దం 50 హెర్ట్‌జ్, దాని రెట్టింపు 100 హెర్ట్‌జ్ చుట్టూ ఉంటుంది. అది ఐదు శ్రుతి షడ్జమానికి కొంచెం పైన. ఆ సీనుకు ఐదున్నరలో తంబూరా పెడితే రెండూ కొట్టుకుంటాయి. తంబూరాను ఐదు శ్రుతికి పెట్టి మోటారు శబ్దానికే కలిపేయండి. మోటారు ఆగినప్పుడు తంబూరా ఒక్కటే మిగలడం వినిపిస్తుంది. ఆ తర్వాత నాలుగు సెకన్లు ఇంకేమీ వాయించవద్దు.

ఊరి వాతావరణానికి ఉరుము, తప్పెట వాద్యాలు కావాలంటే నిజంగా వాయించేవాళ్లను పిలవండి. కీబోర్డు శాంపిల్స్‌లో ఉరుము మీద వంపు పుల్ల రాసే గీత పలకదు. తప్పెటకు మైకు రెండు మీటర్ల దూరంలో పెట్టండి. దగ్గర పెడితే శబ్దం పగులుతుంది.

మాటల కింద నడిచే సంగీతం డైలాగు కన్నా 15 డెసిబెల్స్ తక్కువతో మొదలుపెట్టి చూడండి. హల్లుల స్పష్టత 2,000 నుంచి 4,000 హెర్ట్‌జ్ మధ్య ఉంటుంది. ఆ చోట వేణువూ వయొలినూ దూరితే ఎంత తగ్గించినా మాట అర్థం కాదు. వాయిద్యాన్ని మార్చాలి, లేదా కింది స్థాయికి దించాలి.

ఫైళ్లు 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ వేవ్‌లో ఇవ్వండి. లయ, స్వరవాద్యాలు, గాత్రం, తంబూరా వేరువేరుగా ఉండాలి. 44.1లో చేసిన ఫైలును మార్చకుండా 48గా నడిపిస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర అరస్వరాలు పైకి పోతుంది. సినిమా మొదటి ఫ్రేముకు రెండు సెకన్ల ముందు ఒక ఫ్రేము నిడివి బీప్ పెడితే ఎడిటర్ దాన్ని చూసి కలుపుకుంటాడు. ఫ్రేము రేటు ముందే అడగండి. 24లో లెక్కగట్టిన 10 నిమిషాల సినిమా 25లో నడిస్తే 24 సెకన్లు ముందే అయిపోతుంది. మొదటి ఒకటి రెండు సెకన్లలో ఆ తేడా చిన్నదే, కళ్లకు ఆనకపోవచ్చు. అందుకే పంపే ముందు చివరి ముక్క దగ్గరికి వెళ్లి, బొమ్మతో కలిపి ఆఖరి స్వరం దాకా వినండి.