వట్టివేరు పెంపకం: గట్టు కోసం నాటే తీరు, వేరు కోసం నాటే తీరు

వేసవిలో కిటికీలకు కట్టి నీళ్లు చల్లే తడికెల వాసన చాలామందికి తెలుసు కాని, ఆ వేరు ఏ మొక్కదో చూసినవారు తక్కువ. వట్టివేరు జొన్నకూ నిమ్మగడ్డికీ దగ్గరి బంధువైన బహువార్షిక గడ్డి. దుబ్బు మనిషి ఎత్తుకు పెరుగుతుంది. వేళ్లు పక్కలకు పాకకుండా నిలువుగా, అనుకూలమైన నేలలో 3 మీటర్ల లోతు వరకూ దిగుతాయి. ఆకుకు వాసన ఉండదు, పరిమళమంతా వేరులోనే ఉంటుంది.

నాటడానికి ముందు తేల్చుకోవలసినది ఒక్కటే: మట్టి కోతను ఆపే గట్టు కోసమా, తవ్వి తీసే వేరు కోసమా? ఒకే వరుస నుంచి రెండూ ఆశించకూడదు. గట్టు మీది దుబ్బును వేరు కోసం పెకలిస్తే, అది ఏళ్ల తరబడి పట్టి ఉంచిన మట్టి వానలకు కొట్టుకుపోతుంది.

ఏ పద్ధతికైనా పిలకలే విత్తనం. ఉత్తరాది రకాలు కొన్ని గింజ కట్టి కలుపులా వ్యాపించగలవు. దక్షిణాదిలో తరతరాలుగా సాగులో ఉన్న రకాలు సాధారణంగా మొలకెత్తే గింజ కట్టవు కనుక, వాటి దుబ్బుల నుంచే పిలకలు తీసుకోవడం క్షేమం. దుబ్బును గడ్డపారతో పెకలించి, చేతితో చీల్చి, ఆకును జానెడు, వేరును నాలుగు వేళ్ల పొడవు ఉంచి కత్తిరించాలి. మొదలు భాగం తెల్లగా, గట్టిగా, వేలితో నొక్కితే లొంగనట్టుగా ఉన్న పిలక బతుకుతుంది. మెత్తబడి గోధుమ రంగు తిరిగినదాన్ని పారవేయడమే మేలు. సిద్ధమైన పిలకలను పేడ, బంకమట్టి కలిపిన చిక్కటి నీటిలో ముంచి, తడి గోనెలో చుట్టి నీడన ఉంచి, వీలైతే ఆ రోజే నాటాలి.

గట్టు కోసమైతే తొలకరి వానలు నిలకడగా పడుతున్నప్పుడు, వాలుకు అడ్డంగా, సమోన్నత రేఖ (నేల ఒకే ఎత్తులో ఉండే చోట్లను కలిపే గీత) వెంట ఒకే వరుసగా, 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంలో, గుంటకు రెండు మూడు పిలకల చొప్పున నాటాలి. కర్ణాటకలోని గుండ్లుపేట ప్రాంతపు రైతులు పొలం హద్దులకు ఈ గడ్డిని తరతరాలుగా వాడుతున్నారు. వరుస కలుసుకోవడానికి రెండు మూడు వానాకాలాలు పడుతుంది. ఈ లోపు చనిపోయిన పిలక స్థానంలో వెంటనే మరొకటి నాటకపోతే, నీరంతా ఆ సందులోకే చేరి కాలువ తవ్వుతుంది. ఒక్క మూరెడు ఖాళీ వదిలిన నా గట్టు తొలి వానాకాలంలోనే అక్కడ మోకాటి లోతు కోసుకుపోయింది. చుట్టూ దుబ్బులు నిలిచినా ఆ గండి పూడ్చడానికి మరో ఏడాది పట్టింది. ఏడాదికి రెండు మూడు సార్లు మోకాలి ఎత్తుకు కోస్తే దుబ్బు చిక్కబడుతుంది. కోసిన ఆకును చెట్ల పాదులకు కప్పుకోవచ్చు.

వేరు కోసమైతే ఇసుక నేల, ఇసుక కలిసిన ఒండ్రు నేల శ్రేష్ఠం. నల్లరేగడిలో మొక్క చక్కగా పెరుగుతుంది గాని, వేరు తెగకుండా బయటికి రాదు. వరుసల మధ్య 60, మొక్కల మధ్య 30 సెంటీమీటర్ల ఎడం ఇస్తే ఎకరాకు సుమారు 22 వేల గుంటలు అవుతాయి. లక్నోలోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ విడుదల చేసిన ధరిణి, కేసరి, గులాబి రకాలు వేరు నుంచి తీసే సుగంధ నూనె కోసం ప్రసిద్ధమైనవి. ఆ సంస్థకు హైదరాబాదులోనూ పరిశోధన కేంద్రం ఉంది. మొదటి మూడు నెలలు కలుపు తీయడం తప్పనిసరి, ఎందుకంటే లేత మొక్క నీడను ఓర్వదు. పూల కాడలు కనిపించగానే కోసివేయాలి.

పెరట్లో ఇంటి వాడకానికైతే, అడుగున చిల్లులు పెట్టిన పొడవాటి సంచిలో ఇసుక, చివికిన ఎరువు నింపి పెంచడం నాకు అన్నింటికన్నా నచ్చిన పద్ధతి. తవ్వకం అక్కరలేదు, సంచిని నిలువునా కోసి నీళ్లతో కడిగితే ఇసుక జారిపోయి, వేళ్లు చింపిరి జుట్టులా వేలాడుతూ చేతికి వస్తాయి.

పొలంలో 15 నుంచి 18 నెలలకు, వానలు వెలిసిన పొడి కాలంలో వేరు తీయాలి. మరీ ముందుగా తవ్వితే సన్నని వేరే దొరుకుతుంది, అందులో నూనె తక్కువ. తీసిన వేళ్లను కడిగి నీడలోనే ఆరబెట్టాలి. ఎండ వేడికి సుగంధం ఆవిరైపోతుంది. వేరు కోసిన తరువాత మిగిలే దుబ్బు మొదళ్లను చీల్చితే మరుసటి నాటుకు పిలకలు అక్కడికక్కడే సిద్ధమవుతాయి.