ఎమ్‌జీబీ ఇంజిన్ ట్యూనింగ్: కార్బ్యురేటర్ మార్చే ముందు చేయాల్సిన పనులు

ఎమ్‌జీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొన్న కొత్తలో దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే, పెద్ద వెబర్ కంపెనీ కార్బ్యురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపే సామాను) పెడితే పికప్ ఎంత పెరుగుతుంది అని. నా సమాధానం సూటిగా చెప్తాను: ఆ డబ్బు ముందు అక్కడ పెట్టకండి. ఈ ఇంజిన్‌లో ఇరుకంతా సిలిండర్ హెడ్‌లో (సిలిండర్ల మీద వాల్వులు, గాలి దారులు ఉండే పై భాగం) ఉంది, దాన్ని వదిలేసి బయట ఎంత పెద్ద కార్బ్యురేటర్ బిగించినా ముక్కు దిబ్బడేసినవాడి ముందు ఇంకో కిటికీ తెరిచినట్టే.

ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉంటూ, సొంతంగా స్పానర్ పట్టుకోవాలని ఆశపడే మనవాళ్లకి ఇది నిజంగా మంచి బండి. 1962 నుంచి 1980 వరకు ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్‌లో ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి స్పేర్ పార్టులు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. లోపల ఉండేది 1798 సీసీ బి-సిరీస్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, రెండు ఎస్‌యూ అనే బ్రాండు కార్బ్యురేటర్లు, కొత్తగా ఉన్నప్పుడు 5400 ఆర్‌పీఎమ్ దగ్గర 95 హార్స్‌పవర్. ఇన్నేళ్లు తిరిగిన ఇంజిన్ చాలాసార్లు ఆ 95 కూడా ఇవ్వదు, అందుకే మొదటి పని ఆ పోయిన బలాన్ని వెనక్కి రాబట్టుకోవడం, దానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

ముందు ఇంజిన్ ఆరోగ్యం చూడండి. బాగా వేడెక్కాక ప్లగ్‌లు నాలుగూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని ఒక్కో సిలిండర్‌కి కంప్రెషన్ గేజ్ (లోపలి ఒత్తిడి చూపే మీటరు) పెట్టి స్టార్టర్ తిప్పండి. అంకె ఎంత వచ్చిందనే దానికంటే నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం, పది శాతం లోపు తేడా ఉంటే ఫర్వాలేదు. ఒకటి బాగా తక్కువ చూపిస్తే ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి: పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెటో. ఆయిల్ ప్రెషర్ కూడా చూసుకోవాలి, వేడి మీద మామూలు వేగంలో 50 నుంచి 80 పీఎస్ఐ ఉండాలి. ఇవి బాగాలేని ఇంజిన్‌ని ట్యూన్ చేయడం మొదలుపెడితే డబ్బూ పోతుంది, చివరికి ఇంజిన్ కూడా పోతుంది.

తర్వాత టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య గ్యాప్ సరిచేయడం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 0.015 అంగుళం ఫీలర్ గేజ్‌తో (గ్యాప్ కొలిచే పల్చటి రేకు) చేయాలి (ఆఖరి అమెరికా మోడళ్లకి అంకె వేరు, మీ మాన్యువల్ చూడండి). ఎనిమిది వాల్వులు ఉన్నాయి కదా, తొమ్మిది లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు: ముందు నుంచి లెక్కపెట్టి 1వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 8వది సెట్ చేయండి, 3వది తెరుచుకుంటే 6వది, అలా రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి.

ఇప్పుడు ఇగ్నిషన్, ఆ తర్వాతే కార్బ్యురేటర్లు, ఈ వరుస తప్పకండి. కార్బ్యురేటర్ బాగాలేదని జనం అనుకునే గొడవల్లో చాలావరకు డిస్ట్రిబ్యూటర్‌లోనే (ప్లగ్‌లకి వరసగా కరెంటు పంచేది) తేలతాయి. మూత తీసి షాఫ్ట్‌ని పక్కలకి కదిపి చూడండి, వదులుగా ఆడుతుంటే పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటుని తెంపే స్విచ్చు) ఎంత బాగా సెట్ చేసినా నిలవవు. పాయింట్ల గ్యాప్ 0.015 అంగుళం, ప్లగ్ గ్యాప్ 0.025, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. లోపల సెంట్రిఫ్యూగల్ బరువుల స్ప్రింగులు సాగిపోయి ఉంటే అడ్వాన్స్ (వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ని ముందుకు జరపడం) ముందే వచ్చేస్తుంది, అప్పుడు ఐడిలింగ్‌లో టైమింగ్ సరిగ్గానే కనిపిస్తుంది గానీ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ టకటకమని కొడుతుంది. అందుకని స్ట్రోబ్ లైట్ (టైమింగ్ గుర్తు చూపే మెరుపు లైటు) ఐడిలింగ్ దగ్గర మాత్రమే పెట్టి ఊరుకోవద్దు. వాక్యూమ్ పైపు తీసేసి, రేస్ చేసి, మొత్తం అడ్వాన్స్ ఎక్కడ ఆగుతోందో చూడండి, ఈ ఇంజిన్‌కి సుమారు 32 డిగ్రీలు బాగుంటుంది. ఇంకోటి, క్రాంక్ పుల్లీలో రబ్బరు పొర ఉన్న ఇంజిన్లలో ఆ రబ్బరు వదిలేసి బయటి రింగు జారిపోతుంది, దాని మీది టైమింగ్ గుర్తు తప్పుడు చోటు చూపిస్తుంది. మొదటి పిస్టన్ నిజంగా పైకి వచ్చినప్పుడు గుర్తు ఎక్కడుందో ఒక్కసారి సరిచూసుకుంటే ఆ తర్వాత టెన్షన్ ఉండదు.

ఎస్‌యూ కార్బ్యురేటర్ అంటే భయపడేవాళ్లున్నారు, నాకైతే ఇంత తెలివైన సామాను మరొకటి కనిపించలేదు. ఇంజిన్ ఎంత గాలి పీలిస్తే కార్బ్యురేటర్‌లోని పిస్టన్ అంత పైకి లేస్తుంది, దానికున్న సూది జెట్ అనే సన్నటి గొట్టంలోంచి సరిపడా పెట్రోల్ వదులుతుంది, అంతే. పిస్టన్‌ని వేలితో ఎత్తి వదిలితే టక్కుమని కింద పడాలి. పడకపోతే జెట్ మధ్యలో లేదు, లేదా డాష్‌పాట్‌లో (పిస్టన్ కదిలే పై గిన్నె) మురికి ఉంది. పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా ఆపే డ్యాంపర్‌లో ఎస్ఏఈ 20 నూనె పోయండి. త్రాటిల్ స్పిండిల్ (యాక్సిలరేటర్‌తో తిరిగే ఇరుసు) అరిగి పక్కనుంచి గాలి లాగుతుంటే మాత్రం ఏ సెట్టింగూ నిలవదు, ముందు అది బాగు చేయించాలి. రెండు కార్బ్యురేటర్ల నోటి దగ్గర సన్నటి రబ్బరు పైపు పెట్టి వింటూ, బుస శబ్దం రెండింట్లోనూ ఒకేలా వచ్చేదాకా త్రాటిల్ స్క్రూలు సరిచేయండి. మిక్చర్‌కి (గాలి, పెట్రోల్ పాళ్లు) హెచ్‌ఎస్4 మోడల్ ఎస్‌యూలో జెట్‌ని పూర్తిగా పైకి తెచ్చి, అక్కడి నుంచి నట్టుని రెండు చుట్లు కిందికి తిప్పితే మొదలుపెట్టడానికి సరిపోతుంది. తర్వాత పిస్టన్‌ని ఒక మిల్లీమీటరు కంటే తక్కువ ఎత్తి చూడండి: స్పీడు పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, వెంటనే పడిపోతే తక్కువైంది, కొంచెం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిపోయింది.

1975 నుంచి అమెరికాకి వెళ్లిన బండ్లకి ఒకే ఒక్క జెనిత్-స్ట్రోంబర్గ్ కార్బ్యురేటర్ పెట్టారు, బలం అరవై చిల్లర హార్స్‌పవర్‌కి పడిపోయింది. అలాంటిదైతే జంట ఎస్‌యూలు వేస్తే తేడా తెలుస్తుంది, కానీ ముందు మీ రాష్ట్రంలో పొగ నిబంధనలు కనుక్కోండి.

ఇదంతా అయ్యాక ఇంకా కావాలనిపిస్తే డబ్బు హెడ్ మీద పెట్టండి. దీంట్లో ఇన్‌టేక్ పోర్టులు రెండే, ఒక్కోదాన్ని రెండేసి సిలిండర్లు పంచుకుంటాయి. ఎగ్జాస్ట్‌కి మూడు, మధ్యది మళ్లీ రెండింటికి ఉమ్మడి. ఈ ఇంజిన్ మీద చేయి తిరిగినవాళ్ల దగ్గర పోర్టింగ్ (పోర్టుల్ని వెడల్పు చేసి నునుపు చేయడం) చేయించి, వాల్వు గైడ్లు మార్పించి, కంప్రెషన్ నిష్పత్తిని 8.8 నుంచి 9.5 దాకా తీసుకెళ్తే రోడ్డు మీద బండికి అదే పెద్ద మార్పు. పోర్టులు మీరే గ్రైండర్ పెట్టి తొలవద్దు, అవతల నీళ్ల దారి ఉంటుంది. ఎలాగూ హెడ్ విప్పారు కాబట్టి ఎగ్జాస్ట్ వైపు గట్టి స్టీలు వాల్వు సీట్లు కూడా వేయించండి, సీసం లేని పెట్రోల్‌కి పాత ఇనుప సీట్లు అరిగిపోతాయి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరుని తినేస్తుంది, ఇంగ్లండులో 2021 నుంచి మామూలు పెట్రోల్ ఇ10 (పది శాతం దాకా ఇథనాల్) కదా, ఫ్యూయల్ పైపులు తట్టుకునే రకం వేసుకోండి, కారుతున్న పైపు వేడి ఎగ్జాస్ట్ పక్కనే ఉంటుంది.

వాల్వుల్ని తెరిచే షాఫ్ట్, అంటే క్యామ్ మారిస్తే 270 డిగ్రీల ఫాస్ట్ రోడ్ రకం దాటొద్దు, అంతకు మించితే సిటీలో కింద స్పీడులో ఇంజిన్ తడబడుతుంది. కొత్త క్యామ్‌తో పాత ఫాలోవర్లు (క్యామ్ మీద ఆనుకుని కదిలే ముక్కలు) ఎప్పుడూ వాడకండి. వాటి ముఖాలకి అసెంబ్లీ పేస్టు పూసి, స్టార్ట్ కాగానే ఐడిలింగ్‌లో వదలకుండా 2000 ఆర్‌పీఎమ్ పైన ఇరవై నిమిషాలు నడపాలి, లేకపోతే క్యామ్ మొదటి రోజే అరిగిపోతుంది. జింక్ ఎక్కువున్న 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయండి, ఇప్పటి కార్ల ఆయిల్‌లో అది చాలదు. ముందు కవర్ విప్పినప్పుడు ఒంటి వరస టైమింగ్ చైన్ ఉంటే జంట వరసది వేయించండి. పోత ఇనుప ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని మాత్రం తీయకండి, కంపెనీ వాళ్లే దాన్ని చాలా బాగా చేశారు, మెరిసే ట్యూబులు పెడితే కలిసొచ్చేది కొంచెమే.

హెడ్, క్యామ్ మారాక ఎస్‌యూ సూదులు కూడా మారాలి, అది చెవితో తేలే పని కాదు, రోలింగ్ రోడ్ (బండిని రోలర్ల మీద నడిపి బలం కొలిచే యంత్రం) మీదకి తీసుకెళ్లి మిక్చర్, టైమింగ్ కలిపి సెట్ చేయించండి. బండి ఇక వేగంగా వెళ్తుంది, ముందు డిస్క్ ప్యాడ్లు, వెనక డ్రమ్ములు, బ్రేక్ పైపులు అంతకు ముందే చూసుకోండి. 500 మైళ్లు తిరిగాక, ఇంజిన్ పూర్తిగా చల్లారినప్పుడు హెడ్ నట్లు మాన్యువల్‌లోని వరుసలో మళ్లీ టార్క్ చేసి (చెప్పిన కొలతకి బిగించి), టాపెట్లు ఇంకోసారి సెట్ చేయండి. నట్లు బిగిస్తే టాపెట్ గ్యాప్ తప్పకుండా మారుతుంది.