ప్రస్తుతానికి ఇలా అనుకుంటున్నా: అభిప్రాయాలకు గడువు పెట్టుకోవడం ఎలా

బెంగళూరులో అద్దె అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారో తెలుసుగా? ఏడాది దాటిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి, ఆ ఖర్చు ఎవరికి కావాలి! మీ అభిప్రాయాలకూ అలాంటి గడువే పెట్టండి.

ముందు నిర్ణయాన్ని కారణంతో సహా ఫోన్‌లో రాసుకోండి. "ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఇల్లు వద్దు, సిల్క్ బోర్డు ట్రాఫిక్ వల్ల" అని. కారణం రాయకపోతే, 2025 ఆగస్టులో ఆర్‌వీ రోడ్డు నుంచి సిల్క్ బోర్డు, ఎలక్ట్రానిక్ సిటీల మీదుగా బొమ్మసంద్ర దాకా మెట్రో ఎల్లో లైన్ మొదలయ్యాక కూడా ఆ "వద్దు" ఒక్కటే గుర్తుంటుంది, ఎందుకు వద్దనుకున్నారో మాత్రం ఎగిరిపోతుంది. దాని కిందే, ఏం మారితే మళ్లీ ఆలోచిస్తారో ఒక లైను. నా దృష్టిలో అసలు పని ఇదే, మిగతాదంతా అలంకారం.

నమ్మకం ఎంతో కూడా వేయండి, పదికి ఆరో ఏడో. ఆరు ఉంటే అద్దెకు దిగొచ్చు, ఫ్లాట్ కొనడానికి మాత్రం చాలదు, ఎందుకంటే వెనక్కి రావడం కష్టం.

ఇంట్లో పెద్దవాళ్లు "మాట మీద నిలబడవా" అంటారు. మాట ఇవ్వడం వేరు, అంచనా వేయడం వేరని ఓపిగ్గా చెప్పండి. 1930లో కనిపెట్టిన ప్లూటోనే 2006లో గ్రహాల జాబితాలోంచి తీసేశారు, ఖగోళ శాస్త్రవేత్తల పరువేం పోలేదు. అయితే చెల్లెలి పెళ్లికి ఇస్తానన్న డబ్బుకి ఈ పద్ధతి వాడకండి, తంతారు.