పది నిమిషాలకే ఆగిపోయే డర్ట్ బైక్: తప్పు మూతలో దొరికింది

నా కార్బురేటర్ డర్ట్ బైక్ మట్టిదారి ఎక్కిన పది నిమిషాలకే గుక్కపట్టి ఆగిపోయేది. కాసేపాగి కిక్ కొడితే మళ్లీ స్టార్టయ్యేది. ప్లగ్ మార్చినా అదే వరస. జనం లేని చోట బండి మొరాయిస్తే ఎంత టెన్షనో!

ఒకసారి ఆగిన వెంటనే ట్యాంకు మూత తిప్పాను. సుయ్‌మని గాలి లోపలికి పోయింది, బండి స్టార్టయింది. అక్కడే అనుమానం వచ్చింది.

ఇంటికొచ్చి, ఇంజిన్ చల్లారాక, ఆరుబయట పెట్రోల్ పైపు ఊడదీసి సీసాలో పెట్టి కాక్ తిప్పాను. మొదట ధార బాగానే వచ్చింది. రానురాను సన్నబడి చుక్కలైంది. మూత వదులు చేయగానే మళ్లీ ధార! పెట్రోల్ దిగినకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. రాకపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి పెట్రోల్‌ను దిగనివ్వదు. మూత మీది సన్న గొట్టం తీసి చూస్తే లోపలంతా ఎండిన బురదే. కడిగి, ఆరబెట్టి బిగించాను.

పనిలో పనిగా కార్బురేటర్ గిన్నె అడుగు స్క్రూ విప్పితే పెట్రోల్ కింద నీటి బొట్లు పూసల్లా దొర్లాయి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ అందించే సన్న రంధ్రపు ముక్క, స్లో జెట్‌ను వెలుతురుకు పెట్టి చూశాను, రంధ్రం సగం పూడిపోయింది. క్లీనర్ స్ప్రే కొట్టాను. తీగ మాత్రం దూర్చలేదు, రంధ్రం పెద్దదైతే గాలి-పెట్రోల్ మిక్చర్ చెడుతుంది.

మొన్న గంటసేపు నడిపాను. ఒక్కసారీ ఆగలేదు.